విశాఖ డాబా మీద నుంచి నక్షత్రాల మిణుకును కొలవడం ఎలా

నక్షత్రం మిణుకుమంటోందని ఎవరైనా చెప్తారు, ఎంత మిణుకుమంటోందో అంకెల్లో రాసిపెట్టుకుంటేనే ఈ రాత్రికీ రేపటి రాత్రికీ తేడా తెలుస్తుంది. దానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఐదారు అంగుళాల టెలిస్కోపు, సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను, ఆ ఫోనును ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే కటకానికి) బిగించే అడాప్టర్, ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే చాలు. కోవిడ్ రోజుల్లో నుదుటికి గురిపెట్టిన గన్ మాత్రం పనికిరాదు, అది ఒంటి జ్వరం చూడ్డానికి చేసింది. వర్క్‌షాపుల్లో వాడే రకం, సున్నాకి కింద కూడా చదివేది కొనండి.

ఇక నక్షత్రాలు. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో చెయ్యండి, ఎందుకంటే అప్పుడు విశాఖకి ఒక గొప్ప సదుపాయం దొరుకుతుంది. ఫిబ్రవరి మొదటి వారంలో రాత్రి తొమ్మిదింపావు ప్రాంతంలో అగస్త్య నక్షత్రం సరిగ్గా దక్షిణాన ఉంటుంది, ఇంకో ఇరవై నిమిషాలకి సిరియస్ కూడా అదే దక్షిణపు గీత మీదకి వస్తుంది. సిరియస్ దాదాపు 56 డిగ్రీల ఎత్తులో, అగస్త్యుడు 20 డిగ్రీల లోపు. ఆకాశంలో అతి ప్రకాశవంతమైన రెండు నక్షత్రాలు ఒకే దిక్కున, ఒకే గంటలో, ఒకటి పైన ఒకటి కింద! ఢిల్లీ వాళ్ళకి అగస్త్యుడు తొమ్మిది డిగ్రీలు కూడా లేవడు. నెత్తి మీద గాలి మందాన్ని ఒకటి అనుకుంటే సిరియస్ వెలుగు 1.2 రెట్ల గాలిని, అగస్త్యుడి వెలుగు దాదాపు మూడు రెట్ల గాలిని దాటి మన దగ్గరికి వస్తుంది. పోల్చి చూడ్డానికి ఇంతకంటే మంచి జంట లేదు. దక్షిణం వైపు అపార్ట్‌మెంట్ అడ్డుంటే బీచ్ రోడ్డుకో, కైలాసగిరికో వెళ్ళాలి.

సాయంత్రం చీకటి పడగానే థర్మామీటర్ పట్టుకుని డాబా ఎక్కండి. శ్లాబ్ మీద, పిట్టగోడ మీద చూసి రాసుకోండి, మామూలు థర్మామీటర్‌తో గాలి ఉష్ణోగ్రత కూడా చూడండి. పగలంతా తాగిన ఎండని శ్లాబ్ గంటల తరబడి బయటికి వదులుతూనే ఉంటుంది. ఆ వేడికి లేచే గాలి మీ టెలిస్కోపు మూతి ముందు నుంచే పోతుంది. రెండింటికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకి తగ్గేదాకా ఆగండి, తగ్గకపోతే ఎంత తేడా ఉందో రాసుకుని మొదలెట్టండి. తర్వాత ఆ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌నే నెత్తి మీది ఆకాశానికి గురిపెట్టండి. గాలిలోని తేమ, మబ్బులు కిందికి పంపే వేడి కిరణాలే దాంట్లో అంకెగా కనిపిస్తాయి. పొడి రాత్రి బాగా చల్లగా చూపిస్తుంది, మన ఉక్కపోత రాత్రుల్లో అంత చల్లగా చూపించదు. కంటికి కనపడని పల్చటి మబ్బు దాటుతున్నప్పుడు అంకె ఉన్నట్టుండి పెరుగుతుంది, ఆ సమయంలో తీసిన వీడియో పక్కన పెట్టెయ్యండి. టెలిస్కోపుని కనీసం గంట ముందే బయట పెట్టాలి, గదిలోంచి తెచ్చిన వేడి అద్దం బొమ్మలో తన వణుకు కలిపేస్తుంది.

తక్కువ పవర్ ఐపీస్ పెట్టండి. అట్టముక్కలో ఐదు సెంటీమీటర్ల కన్నం కోసి టెలిస్కోపు మూతికి తొడగండి, న్యూటోనియన్ (కటకం బదులు అద్దాలతో పనిచేసే రకం) అయితే మధ్యలో కాకుండా పక్కకి, చిన్న అద్దం అడ్డం రాకుండా. ఫోనులో ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ చెయ్యడం తప్పనిసరి. లాక్ చెయ్యకపోతే నక్షత్రం తగ్గినప్పుడల్లా ఫోను వెలుగు పెంచేసి మిణుకుని చెరిపేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, నక్షత్రం చుక్క పూర్తి తెల్లగా మాడిపోకూడదు. మాడిన చుక్క ఇంక పెరగలేదు కాబట్టి లెక్కలో మిణుకు లేనట్టే వస్తుంది, చాలామందికి వింత అంకెలు వచ్చేది ఇక్కడే. ఫోకస్ కాస్త చెదరగొట్టి చుక్కని చిన్న బిళ్ళలా చేస్తే ఈ బాధ తీరుతుంది. ఒక్కో నక్షత్రానికి పది పదిహేను సెకన్ల వీడియోలు నాలుగైదు తియ్యండి, ట్రాకింగ్ మోటారు లేకపోయినా ఆ కాస్త సేపట్లో నక్షత్రం ఫీల్డ్ దాటిపోదు. పక్కనున్న ఖాళీ ఆకాశం కూడా ఒకసారి తీయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని వీధిలైట్లు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటాయి. ఆ వెలుగు లెన్స్‌లోకి దూరితే అదే మిణుకులా కనిపించి మోసం చేస్తుంది.

వీడియోని టాంగ్రా, పైమూవీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ప్రతి ఫ్రేములో చుక్క వెలుగు అంకెగా వస్తుంది. నేపథ్యం (ఖాళీ ఆకాశపు వెలుగు) తీసేశాక ఎక్సెల్‌లో సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) లెక్కించి రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. సగటు 200, డీవియేషన్ 30 వస్తే మిణుకు 15 శాతం. చిన్న కన్నంతో చూసినప్పుడు ఇది గాలి మందంతో పాటు దాదాపు అదే వంతున పెరగాలి, అంటే అగస్త్యుడికి సిరియస్ కంటే రెట్టింపు దాటి రావాలి. రాకపోతే ముందు చుక్క మాడిందేమో చూడండి. ఇంకో మాట, ఫోను వెలుగుని ఉన్నదున్నట్టు రాయదు, తన లెక్కలో వంచి రాస్తుంది. అందుకని ఒకే ఫోను, ఒకే సెట్టింగుతో తీసినవాటినే పోల్చుకోండి. అసలు శాతాలు కావాలనుకుంటే గ్రహాల ఫొటోలకి వాడే చిన్న కెమెరా కొనుక్కోవాలి.

ఇప్పుడు అట్ట తీసేసి మొత్తం అద్దంతో అదే నక్షత్రాన్ని మళ్ళీ తీయండి (చుక్క మాడకుండా ఫోను కెమెరాలో ఐఎస్ఓ, అంటే వెలుగుని పెంచి చూపే సెట్టింగు, తగ్గించి). మిణుకు తగ్గిపోతుంది. నీళ్ళ తొట్టి అడుగున ఎండ వలలా కదులుతుంది చూశారా, నక్షత్రం వెలుగు కూడా నేల మీద అలాగే మచ్చలు మచ్చలుగా పరుగెడుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున గాలి కలతపడితే ఆ మచ్చలు ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటాయి. ఐదు సెంటీమీటర్ల కన్నంలోకి ఒక్క మచ్చే పడుతుంది, పెద్ద అద్దం మీద చాలా మచ్చలు పడి సగటైపోతాయి.

దీన్నిబట్టి ఇంకో సంగతి తెలుస్తుంది. మిణుకు చెప్పేది ముఖ్యంగా పై గాలి గురించి. శ్లాబ్ మీద ఆడే వేడిగాలి మిణుకులో పెద్దగా తేలదు, కానీ బొమ్మని వణికిస్తుంది. మిణుకు తక్కువగా ఉండి శని వలయాలు మాత్రం కుదురుగా కనపడని రాత్రి తప్పు ఆకాశానిది కాదు, మీ డాబాదే కావచ్చు. వణుకుని కొలవడానికి అట్టలో ఒకదానికొకటి దూరంగా ఐదేసి సెంటీమీటర్ల కన్నాలు రెండు కొయ్యండి. ఫోకస్ కాస్త తప్పిస్తే ఒకే నక్షత్రం రెండు చుక్కలవుతుంది. ఆ రెండు చుక్కల మధ్య దూరం ఫ్రేము ఫ్రేముకీ ఎంత మారుతోందో కొలవండి. సముద్రపు గాలికి స్టాండు ఊగినా రెండు చుక్కలూ కలిసే ఊగుతాయి కాబట్టి ఆ లెక్క చెడదు. సారాజాన్, రోడియే అనే శాస్త్రవేత్తలు 1990లో వివరించిన డిమ్ (DIMM) అనే వణుకు కొలిచే పరికరం పనిచేసేది ఈ కిటుకుతోనే. అబ్జర్వేటరీకి స్థలం ఎంచేవాళ్ళు ఈనాటికీ అదే వాడతారు. వాళ్ళు రెండో చుక్కని పక్కకి జరపడానికి పట్టకం పెడతారు, మనం ఫోకస్ తప్పించి సరిపెట్టుకుంటాం.

ఈ ఊళ్ళో ఆకాశాన్ని కొలిచే పని ఇప్పుడు కొత్తగా మొదలవడం లేదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టారు, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు వారి అల్లుడు ఎ.వి. నరసింగరావు గారు ఇక్కడి నుంచే కొలతలు తీశారు. కాబట్టి మీ నోటుపుస్తకంలో తేదీ, టైము, నక్షత్రం ఎత్తు, కన్నం సైజు, శ్లాబ్, గాలి, ఆకాశం ఉష్ణోగ్రతలు, గాలి ఏ దిక్కు నుంచో, అన్నీ ఆ రాత్రే రాసెయ్యండి. ఇంటికి దిగే ముందు లెన్స్ మీద పడిన ఉప్పు తేమని పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, లెన్స్ ద్రావణం అద్దిన మెత్తటి గుడ్డతో తుడవండి.