క్లౌడ్ ఆఫీస్ కొత్తగా వాడేవాళ్లకి: డ్రైవ్, సింక్, షేర్, వెర్షన్... వీటి వెనక అసలు ఏం జరుగుతుంది

"డాక్ షేర్ చేశా, సజెషన్స్ చూసి కామెంట్స్ రిజాల్వ్ చేసెయ్, పాత వెర్షన్ కావాలంటే హిస్టరీలో ఉంది" అని మెసేజ్ వస్తే ఒక్కో మాటా విన్నట్టే ఉంటుంది గానీ మొత్తం కలిపి ఏం చెయ్యమంటున్నారో తట్టదు. కొత్తవాళ్లకి ఇది మామూలే. దీనికోసం పెద్ద లిస్టు బట్టీ పట్టక్కర్లేదు. ఏ పదం ఎదురైనా మూడు సంగతులు అడగండి చాలు: ఫైల్ ఎక్కడుంది, ఎవరిది, దాన్ని ఎవరు ముట్టుకోగలరు. ఈ సాఫ్ట్‌వేర్‌లో కనబడే మాటల్లో ఎక్కువ భాగం ఈ మూడిట్లో ఏదో ఒకదాని గురించే.

ముందు పేర్ల గోల తీర్చేద్దాం. గూగుల్ వాళ్లది గూగుల్ వర్క్‌స్పేస్, 2020 అక్టోబర్ దాకా దాని పేరు జీ సూట్. మైక్రోసాఫ్ట్‌ది మైక్రోసాఫ్ట్ 365, పాత వీడియోల్లో ఆఫీస్ 365 అని వినబడుతుంది. జోహో లాంటివి ఇంకా ఉన్నాయి. లోపల సరుకు మాత్రం ఒకే రకం, ఉత్తరాలూ రిపోర్టులూ రాసుకునేది ఒకటి (వర్డ్ లేదా డాక్స్), లెక్కలకి ఒకటి (ఎక్సెల్ లేదా షీట్స్), స్లయిడ్లకి ఒకటి. ఒకటి వచ్చిందంటే రెండోది చేతికి అలవాటవడానికి పెద్ద టైమ్ పట్టదు, బటన్లు వేరే చోట ఉంటాయి అంతే.

క్లౌడ్ అంటే మీ ఫైల్ ఆ కంపెనీ సర్వర్లలో ఉంటుంది, మీరు బ్రౌజర్‌లోంచో యాప్‌లోంచో దాన్ని తెరుస్తున్నారు. అందుకే లాప్‌టాప్ పాడైనా ఫైల్ పోదు, ఫోన్లో లాగిన్ అయితే అదే ఫైల్ కనబడుతుంది. అందుకే మళ్లీ ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైంది అకౌంట్. ఆఫీసు వాళ్లిచ్చిన అకౌంట్ వేరు, మీ సొంత అకౌంట్ వేరు. ఆఫీసు అకౌంట్ మీద అడ్మిన్ అని ఒకరుంటారు, పాస్‌వర్డ్ రీసెట్ చెయ్యడం, లైసెన్స్ ఇవ్వడం (అంటే ఈ మనిషి ఈ యాప్స్ వాడుకోవచ్చు అని కేటాయించడం), ఉద్యోగం మానేస్తే అకౌంట్ ఆపెయ్యడం ఆయన చేతిలో ఉంటాయి. కాబట్టి సొంత కాగితాలు ఆఫీసు అకౌంట్‌లో దాచుకోకండి. ఇంకోటి, లింక్ నొక్కగానే "మీకు యాక్సెస్ కావాలి" అని స్క్రీన్ వస్తే వెంటనే రిక్వెస్ట్ బటన్ నొక్కెయ్యకుండా ముందు పైన కుడి మూలలో ఉన్న ఫోటో చూడండి, చాలాసార్లు మీరు వేరే అకౌంట్‌లో ఉంటారు, అది మార్చుకుంటే తెరుచుకుంటుంది.

స్టోరేజ్ గురించి రెండు ముక్కలు. గూగుల్ ఉచిత అకౌంట్‌కి 15 జీబీ, అది డ్రైవ్‌కి (గూగుల్‌లో ఫైల్స్ దాచుకునే చోటు) ఒక్కదానికే కాదు, జీమెయిల్, ఫోటోస్ అన్నీ కలిపి. నిండిపోతే కొత్త మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్‌లో ఫైల్స్ దాచుకునే చోటు వన్‌డ్రైవ్, అది ఉచితంగా ఇచ్చేది 5 జీబీ.

ఇప్పుడు ఫైల్ ఎవరిది అన్న సంగతి. మై డ్రైవ్ అంటే మీది, అందులో మీరు చేసిన ఫైల్‌కి ఓనర్ మీరే. షేర్డ్ విత్ మీ అంటే వేరేవాళ్ల ఫైల్‌ని మీకు చూపిస్తున్నారు, అది మీ స్టోరేజ్‌లో లెక్కకి రాదు, కానీ ఓనర్ మీ యాక్సెస్ తీసేస్తే మీకు కనబడదు, పూర్తిగా డిలీట్ చేసేస్తే అసలు ఉండదు. ఖచ్చితంగా కావాల్సిన ఫైల్ అయితే మేక్ ఎ కాపీ కొట్టి మీ డ్రైవ్‌లో పెట్టుకోండి, కాకపోతే ఆ కాపీ ఇక వేరే ఫైల్, అసలు దాంట్లో మార్పులు ఇందులోకి రావు. టీమ్ పనికి షేర్డ్ డ్రైవ్ వాడితే ఫైల్ ఏ ఒక్కరిదీ కాదు, టీమ్‌ది, ఎవరు వెళ్లిపోయినా అక్కడే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వైపు ఈ పని చేసేది షేర్‌పాయింట్. టీమ్స్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల చాట్, మీటింగ్ యాప్) వాడేవాళ్లకి ఇక్కడ ఒక తికమక ఉంటుంది: ఛానెల్‌లో (టీమ్ అంతా కలిసి మాట్లాడుకునే చోటు) పెట్టిన ఫైల్ షేర్‌పాయింట్‌లోకి వెళ్తుంది, ఒకరికి చాట్‌లో పంపిన ఫైల్ మాత్రం పంపినవాళ్ల వన్‌డ్రైవ్‌లో ఉంటుంది. నలుగురికీ పనికొచ్చేది అయితే ఛానెల్‌లోనే పెట్టండి.

సింక్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పోగొట్టుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పోగొట్టుకుంటారు. సింక్ అంటే మీ కంప్యూటర్‌లో ఉన్న ఒక ఫోల్డర్, క్లౌడ్‌లో ఉన్న ఫోల్డర్, రెండూ ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చూడటం. ఇక్కడ ఫైల్ వేస్తే అక్కడికి వెళ్తుంది, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అయిపోతుంది! కంప్యూటర్‌లో జాగా లేదని సింక్ ఫోల్డర్‌లో ఫైల్స్ తీసేసి, క్లౌడ్‌లో ఉన్నాయిలే అనుకుంటే అక్కడా ఉండవు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. జాగా కావాలంటే విండోస్‌లో వన్‌డ్రైవ్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ నొక్కాలి, అప్పుడు ఫైల్ క్లౌడ్‌లో ఉంటుంది, కంప్యూటర్‌లో దాని పేరు మాత్రం మిగులుతుంది. పక్కన నీలం మబ్బు గుర్తుంటే ఫైల్ క్లౌడ్‌లోనే ఉంది, నెట్ లేకపోతే తెరుచుకోదు. ఆకుపచ్చ టిక్ ఉంటే మీ కంప్యూటర్‌లో కూడా ఉంది. నెట్ లేని చోటికి వెళ్తున్నారంటే ముందే ఆ టిక్ వచ్చేలా చూసుకోండి. గూగుల్ డాక్స్‌లో అయితే ఆఫ్‌లైన్ అనే ఆప్షన్‌ని నెట్ ఉన్నప్పుడే ఆన్ చెయ్యాలి. గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లోంచి డాక్స్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి మోసుకెళ్తే కుదరదు, అందులో ఉండేది ఆన్‌లైన్ ఫైల్ అడ్రస్ మాత్రమే, రాసిన మేటర్ ఉండదు. డౌన్‌లోడ్ నొక్కి వర్డ్ ఫైల్‌గానో పీడీఎఫ్‌గానో తీసుకోవాలి.

ఆటోసేవ్ మంచిదే గానీ దానికీ ఒక మెలిక ఉంది. గూగుల్ డాక్స్‌లో సేవ్ బటనే ఉండదు, టైప్ చేస్తున్నకొద్దీ అదే సేవ్ చేసుకుంటుంది. వర్డ్‌లో ఫైల్ వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉంటే ఆటోసేవ్ పనిచేస్తుంది, మామూలుగా డెస్క్‌టాప్ మీద సేవ్ చేసిన ఫైల్‌కి ఆ నమ్మకం పెట్టుకోకండి. మెలిక ఏంటంటే, పోయిన నెల రిపోర్ట్ తెరిచి దాని మీదే ఈ నెల అంకెలు కొట్టి చివర్లో వేరే పేరుతో సేవ్ చేద్దాం అనుకునే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు, మీరు పేరు మార్చేలోపే పాత రిపోర్ట్ చెడిపోయి ఉంటుంది. తెరవగానే ముందు కాపీ, తర్వాతే టైపింగ్.

ఒకవేళ చెడగొట్టేసినా కంగారుపడకండి, వెర్షన్ హిస్టరీ ఉంది. డాక్స్‌లో ఫైల్ మెనూలో ఉంటుంది, వర్డ్‌లో పైన ఫైల్ పేరు మీద నొక్కితే కనబడుతుంది. ఎప్పుడెప్పుడు ఏమేం మారిందో తేదీల వారీగా చూసుకుని, కావాల్సింది ఎంచుకుని రీస్టోర్ కొడితే ఫైల్ అప్పటి స్థితికి వచ్చేస్తుంది. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే అసలు ఫైనల్" అని ఐదారు ఫైల్స్ పెంచుకునే బాధ దీంతో తప్పుతుంది. పొరపాటున ఫైలే డిలీట్ చేస్తే ట్రాష్‌లో చూడండి, గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత దానంతటదే పోతుంది.

ఇక షేరింగ్, అంటే ఎవరు ముట్టుకోవచ్చు అనేది. వ్యూయర్ చూస్తారు, కామెంటర్ చూసి పక్కన నోట్ పెడతారు, ఎడిటర్ మార్చేస్తారు. గూగుల్‌లో ఎడిటర్‌గా ఇస్తే, మీరు సెట్టింగ్ మార్చకపోతే, ఆ మనిషి ఇంకొకరికి కూడా షేర్ చెయ్యగలరు, ఇది చాలామంది గమనించరు. నా మాట ఏంటంటే ముందు కామెంటర్‌గా ఇవ్వండి, అవసరం పడితే పెంచండి. మనుషుల పేర్లు పెట్టి షేర్ చెయ్యడం ఒక పద్ధతి, లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అని వదిలెయ్యడం ఇంకోటి. రెండోది తేలికే, కానీ ఆ లింక్ ఫార్వర్డ్ అయి ఎక్కడిదాకా పోతుందో మీ చేతిలో ఉండదు, జీతాల షీట్లు, ఫోన్ నంబర్లు, ఐడీ కార్డుల స్కాన్లు ఇలా పంపొద్దు. ఫోల్డర్ షేర్ చేస్తే అందులో ఉన్నవన్నీ, రేపు కొత్తగా వేసేవి కూడా షేర్ అవుతాయని గుర్తుంచుకోండి.

వేరేవాళ్ల ఫైల్‌లో పనిచేసేటప్పుడు నేరుగా చెరిపి రాయకుండా సజెస్టింగ్ మోడ్ పెట్టుకోండి, వర్డ్‌లో దీన్ని ట్రాక్ ఛేంజెస్ అంటారు. మీరు మార్చింది రంగులో కనబడుతుంది, ఓనర్ ఒప్పుకుంటే యాక్సెప్ట్, లేకపోతే రిజెక్ట్. కామెంట్‌లో @ కొట్టి మనిషి పేరు పెడితే వాళ్లకి మెయిల్ వెళ్తుంది. రిజాల్వ్ అంటే ఆ మాట తేలిపోయింది అని పక్కకి పెట్టడం, డిలీట్ కాదు, మళ్లీ తెరుచుకోవచ్చు.

చదివితే సగమే వస్తుంది, చేసి చూడండి. పనికిరాని నాలుగు లైన్లు రాసి ఒక డాక్ పెట్టండి, మీ రెండో అకౌంట్‌కో ఫ్రెండ్‌కో ముందు వ్యూయర్‌గా, తర్వాత కామెంటర్‌గా, తర్వాత ఎడిటర్‌గా షేర్ చేసి అవతల స్క్రీన్‌లో ఏ బటన్లు వస్తున్నాయో, ఏవి పోతున్నాయో చూడండి. రెండు పేరాలు చెరిపేసి వెర్షన్ హిస్టరీలోంచి వెనక్కి తెచ్చుకోండి. చివర్లో షేర్ బాక్స్ తెరిచి ఆ రెండో అకౌంట్‌ని తీసేసి, అక్కడ్నుంచి లింక్ మళ్లీ నొక్కి చూడండి, లింక్‌ని అందరికీ తెరిచి పెట్టి ఉంటే అది ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది, అప్పుడు జనరల్ యాక్సెస్ అని ఉన్న చోట రెస్ట్రిక్టెడ్ అని మార్చాలి.