సైలెన్సర్ పొగ: రంగుతో పాటు వేళ కూడా చూడాలి

కారు వెనక పొగ కనిపించగానే అందరూ చూసేది రంగు. తెలుపైతే కూలెంట్, నీలమైతే ఇంజిన్ ఆయిల్, నలుపైతే ఇంధనం. అంతవరకు నిజమే. కానీ రంగును బట్టి లోపల ఏం కాలుతోందో మాత్రమే తెలుస్తుంది. అది ఏ దారిన సిలిండర్లోకి వస్తోందో తెలియాలంటే పొగ ఎప్పుడు వస్తోందో గమనించాలి. పొద్దున సెల్ఫ్ కొట్టగానేనా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, కాలు తీసినప్పుడా, బండి కదలకుండా ఇంజిన్ స్లోలో (ఐడ్లింగ్‌లో) చాలాసేపు నిలిపాకనా? ఇదేమీ చూడకుండా గ్యారేజీకి వెళ్తే, "ఇంజిన్ దింపాలి" అని వాళ్లన్నప్పుడు ఎందుకని అడగడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

కాబట్టి బండిని ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున స్టార్ట్ చేసే ముందే డిప్‌స్టిక్ తీసి ఆయిల్, తర్వాత కూలెంట్, బ్రేక్ ఆయిల్ డబ్బాల్లో మట్టం చూసి రాసిపెట్టుకోండి. ఒకరు స్టార్ట్ చేస్తే ఇంకొకరు వెనక నిలబడి వీడియో తీయాలి. ఆరుబయటే చేయండి, మూసిన షెడ్డులో వద్దు. పొగలోని విష వాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. పొగ నిజంగా సైలెన్సర్ నుంచే వస్తోందా అన్నదీ చూసుకోండి. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ దగ్గర కారిన ఆయిల్ వేడి మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను బయటికి పంపే గొట్టాలు) మీద పడినా మాడు వాసన, పొగ వస్తాయి. అది బానెట్ కింద నుంచి వస్తుంది, పెద్ద రిపేరు కూడా కాదు.

తెల్ల పొగ

చలి పొద్దున పల్చగా వచ్చి, కొద్ది నిమిషాల్లో పైపు వేడెక్కగానే మాయమైతే అది వట్టి నీటి ఆవిరి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. చల్లటి పైపులో అదే ఆవిరిగానూ చుక్కలుగానూ కనిపిస్తుంది. ఏమీ చేయనక్కర్లేదు.

ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, తియ్యటి వాసన వేస్తూ, కూలెంట్ మట్టం తగ్గుతుంటే మాత్రం కూలెంట్ సిలిండర్లోకి చేరుతోంది. మొదటి అనుమానం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దానిపై హెడ్‌కూ మధ్య ఉండే సీలు) మీదే. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయండి, వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే మంట తాలూకు గ్యాసు కూలెంట్లోకి దూరుతున్నట్టే. గ్యారేజీలో బ్లాక్ టెస్టర్ ఉంటే ఇంకా తేలిక. గ్యాసు తగిలితే అందులోని నీలం ద్రవం పసుపుకు మారుతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పితే నీరు తాగుతున్న సిలిండర్ ప్లగ్ మిగతావాటికన్నా కడిగినట్టు శుభ్రంగా కనిపిస్తుంది.

ఆయిల్ మూత అడుగున మీగడలాంటి తెట్టు కనిపించగానే గ్యాస్కెట్ పోయిందని బెంగపడకండి. రోజూ దగ్గరి దూరాలే తిరిగే బండ్లలో చెమ్మ చేరి అక్కడ తెట్టు కడుతుంది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా పాలు కలిపినట్టుంటేనే అది కూలెంట్ కలిసిన గుర్తు.

గ్యాస్కెట్ పోయిందని తేలితే బండి నడపకండి. సిలిండర్లో నీళ్లు నిండితే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. హెడ్ విప్పినప్పుడు ఫేస్ సమంగా ఉందో లేదో, పగుళ్లున్నాయో లేదో చూడమనండి. అంతకుముందు ఇంజిన్ ఎందుకు వేడెక్కిందో, అంటే ఫ్యానా, థర్మోస్టాటా, వాటర్ పంపా అన్నది తేలకపోతే కొత్త గ్యాస్కెట్‌కూ అదే గతి పడుతుంది. లీకు ఆపుతామని కూలెంట్లో పోసే మందులు నాకు నచ్చవు. లీకు సంగతి ఎలా ఉన్నా, హీటర్ సన్న గొట్టాలు మూసుకుపోతాయి.

డీజిల్ బండిలో ఈజీఆర్ కూలర్ (మళ్లీ ఇంజిన్‌లోకి పంపే పొగను కూలెంట్‌తో చల్లార్చే భాగం) లోపల చిల్లు పడ్డా సరిగ్గా ఇవే లక్షణాలు. హెడ్ విప్పే ముందు దాన్ని ప్రెజర్ పెట్టి చూడమని అడగండి. డీజిల్‌లోనే, చల్లటి ఇంజిన్ మీద కళ్లు మండించే ఘాటు తెల్ల పొగ వచ్చి, వేడెక్కాక తగ్గితే అది కాలని డీజిల్. స్టార్టింగ్‌కు సిలిండర్లను వేడి చేసే హీటర్ ప్లగ్గులను మల్టీమీటర్‌తో కొలవండి. సర్క్యూట్ తెగినట్టు చూపించిన ప్లగ్ కాలిపోయినట్టే.

అరుదుగా ఇంకో కారణం ఉంటుంది. కూలెంట్ తగ్గదు, బ్రేక్ ఆయిల్ తగ్గుతుంది, కింద ఎక్కడా కారదు. మాస్టర్ సిలిండర్ సీలు పోయి, పెట్రోల్ ఇంజిన్ ఆ ఆయిల్‌ను బ్రేక్ బూస్టర్ గుండా పీల్చేస్తుంటుంది. ఇది పొగ కన్నా ముందు బ్రేకుల సమస్య. ఆ బండిని అక్కడే ఆపేయండి.

నీలి పొగ

మాడిన నూనె వాసన. పైపు దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే ఆవిరి తడి ఆరిపోతుంది, ఆయిల్ అయితే జిడ్డు మరక మిగులుతుంది. వేళ అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇక్కడే.

పొద్దున స్టార్ట్ కాగానే ఒక్క గుప్పెడు నీలి పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీల్స్ (వాల్వుల కాడల వెంట ఆయిల్ దిగకుండా ఆపే సీళ్లు) గట్టిపడ్డాయి. రాత్రంతా ఆయిల్ చుక్కలుగా లోపలికి దిగింది. వాలులో యాక్సిలరేటర్ వదిలి దిగి, మళ్లీ తొక్కగానే వచ్చినా అనుమానం సీల్స్, వాల్వ్ గైడ్ల మీదే. చాలా ఇంజిన్లలో సిలిండర్లోకి గాలి పట్టించి వాల్వులను నిలబెట్టి, హెడ్ దింపకుండానే సీల్స్ మార్చొచ్చు. దీనికి బోర్ పని (సిలిండర్ గోడలు చెక్కించడం) చేయించుకోవడం దండగ.

ఎత్తు ఎక్కుతున్నప్పుడు, లోడ్ మీద లాగుతున్నప్పుడు పొగ పెరిగితే పిస్టన్ రింగులు. పెట్రోల్ ఇంజిన్లో కంప్రెషన్ (ప్రతి సిలిండర్లో పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) చూసి, తగ్గిన సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. రీడింగు పెరిగితే లోపం రింగులదో బోరుదో, పెరగకపోతే వాల్వులదో గ్యాస్కెట్‌దో. సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటితే పట్టించుకోవాల్సిందే.

ఇంత దూరం పోయే ముందు చవక కారణాలు రెండు చూసుకోండి. ఒకటి, ఆయిల్ మట్టం మించి పోశారేమో. రెండోది పీసీవీ వాల్వ్, అంటే ఇంజిన్ అడుగున చేరే గ్యాసును మళ్లీ సిలిండర్లలోకి పంపే వాల్వ్. ఇంజిన్ స్లోలో ఉండగా ఆయిల్ మూత మెల్లగా వదులు చేయండి. మూత ఊడిరానంతగా లోపలికి లాక్కుంటే పీసీవీ డయాఫ్రం చిరిగి ఉంటుంది. బుసబుసమని ఆవిరి పైకి తంతే పీసీవీ మూసుకుపోయి ఉండాలి, లేదా రింగుల పక్కనుంచి గ్యాసు కిందికి దిగుతూ ఉండాలి. పీసీవీ మార్చాకా తంతుంటే రింగుల సంగతి చూడాల్సిందే.

టర్బో ఉన్న బండి చాలాసేపు స్లోలో నిలిచి, కదలగానే నీలంగా వదిలితే ఇంటర్‌కూలర్ పైపు (టర్బో నుంచి ఇంజిన్‌కు గాలి వెళ్లే దారి) విప్పి చూడండి. పల్చటి తడి మామూలే, ఆయిల్ మడుగు కట్టిందంటే టర్బో సీల్స్ పోయాయి. డీజిల్‌లో దీన్ని వాయిదా వేయకండి. ఆ ఆయిలే ఇంధనమై ఇంజిన్ తనంతట తాను రేస్ అయిపోవచ్చు, తాళం తిప్పినా ఆగదు. అలా జరిగితే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ ఒక్కసారిగా వదిలి ఇంజిన్‌ను ఆపాలి. ఆటోమేటిక్‌లో ఆ దారి లేదు, బండి ఆపి అందరూ దిగి దూరంగా వెళ్లాలి.

సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ ముందే వేడిగా ఉందా? పొద్దుటి పొగను మీరు చూడకుండా చేశారేమో, మర్నాడు చల్లటి ఇంజిన్‌తో చూపించమనండి.

నల్ల పొగ

గాలికి మించి ఇంధనం పడుతోంది. పెట్రోలుకు గాలి దాని బరువుకు 14.7 రెట్లు ఉండాలి. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. తర్వాత స్కానర్ పెట్టించి ఎయిర్ ఫ్లో సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్ రీడింగులు, ఆపైన కారుతున్న ఇంజెక్టర్లు. డీజిల్‌లో పికప్ కూడా తగ్గితే టర్బో గొట్టం చిరిగిందేమో, ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండి నల్ల పొగ వదలకూడదు. వదిలితే ఆ ఫిల్టర్ పగిలిందన్నమాట, లేదా ఎవరో తీసేశారు.

రిపేరయ్యాక మొదటి రోజు పొగ వస్తే వెంటనే గొడవకు దిగకండి. సైలెన్సర్లో ముందే చేరిన ఆయిల్, కూలెంట్ కాలిపోవడానికి ఇంజిన్ బాగా వేడెక్కేలా కొంత దూరం నడపాలి. తర్వాత మళ్లీ పొద్దున్నే ఆ మూడు మట్టాలూ చూసి, ముందు రాసుకున్న వాటితో పోల్చండి.