సోఫా వెనక గోడకి పెద్ద మోనే ప్రింట్ పెట్టాలనుకుంటే

ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే గీసిన కలువపూల బొమ్మ పెద్దగా ప్రింట్ చేయించి హాల్లో పెట్టుకుందాం అని చాలామందికి ఉంటుంది, కానీ షాపులో ఉన్న సైజు చూసి ఆర్డర్ పెట్టేస్తారు, అక్కడే తేడా కొడుతుంది. ముందు గోడ కొలవండి. సోఫా 7 అడుగులుంటే ప్రింట్ వెడల్పు 4 నుంచి 5 అడుగులు ఉండాలి, అంతకన్నా చిన్నదైతే గోడ మీద స్టాంపు అంటించినట్టుంటుంది. పాత న్యూస్‌పేపర్లు అదే సైజుకి అతికించి గోడకి టేప్ వేసి రెండ్రోజులు అలా వదిలేయండి, ఎక్కువైందో తక్కువైందో మీకే తెలిసిపోద్ది.

తర్వాత బొమ్మ ఆకారం. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న 1906 నాటి కలువపూల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, సుమారు 90 బై 94 సెంటీమీటర్లు. దాన్ని సోఫా వెడల్పుకి సరిపెట్టాలని పైనా కిందా కోసేస్తే నీళ్లలో ఆకాశం నీడే పోతుంది, ఇంక మిగిలేదేంటి? అడ్డంగా కావాలంటే న్యూయార్క్ మెట్ మ్యూజియంలో ఉన్న మోనేదే సెంట్ అడ్రెస్ (ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డు ఊరు) తోట బొమ్మ, 1867ది, చూడండి, అసలుదే 130 సెంటీమీటర్ల వెడల్పు కాబట్టి 4 అడుగులకి తీసినా పెద్దగా సాగదీసినట్టుండదు. ఈ రెండు మ్యూజియంలూ కాపీరైట్ లేని బొమ్మల ఫైళ్లు ఫ్రీగానే ఇస్తాయి. 4 అడుగుల ప్రింట్‌కి వెడల్పు 7000 పిక్సెల్స్ దాకా ఉంటే మంచిది, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మాత్రం తీసుకెళ్లకండి. ఐదు ముక్కలుగా కోసి అమ్మే కాన్వాస్ సెట్లు నాకైతే అస్సలు నచ్చవు, బొమ్మ మధ్యలో గోడ కనిపించడమేంటండీ.

గ్లాసీ పేపర్ వద్దు. ఎదురుగా బాల్కనీ డోరో టీవీయో ఉంటే బొమ్మ బదులు అదే కనిపిస్తుంది, మ్యాట్ పేపరో కాన్వాసో తీసుకోండి. ఫ్రేమ్ సన్నగా, తెల్లగానో లేత చెక్క రంగులోనో ఉంటే చాలు, బంగారు రంగు చెక్కుడు ఫ్రేమ్ ఈ కాలం ప్లెయిన్ గోడల మీద పెళ్లి ఆల్బమ్‌లా ఉంటుంది. మోనే కాలపు చిత్రకారుడు, ఆయన స్నేహితుడు పిసారో కూడా తన బొమ్మలకి తెల్ల ఫ్రేములు వాడినవాడే.

బాత్రూమ్ పక్క గోడా, వానకి చెమ్మ పట్టే గోడా వదిలేయండి, ప్రింట్ వెనక బూజు పడితే ముందుకొచ్చేదాకా తెలీదు. మధ్యాహ్నం ఎండ నేరుగా పడే చోటైతే రంగులు వెలిసిపోతాయి. ఫ్రేమ్ కింద మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే వెనక గాలి ఆడుతుంది, గోడకి గీతలూ పడవు.

తగిలించేటప్పుడు సోఫా వీపు నుంచి 6-8 అంగుళాలు పైన ఫ్రేమ్ అడుగు రావాలి, మనవాళ్లు సీలింగ్ దగ్గరకి తోసేస్తుంటారు. ఒక్క మేకు చాలదు, రెండు హుక్స్ పెడితేనే పక్కకి వాలదు. కాంక్రీట్ గోడైతే హామర్ డ్రిల్ ఉన్నవాళ్లనే పిలవండి, స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైన మాత్రం డ్రిల్ పెట్టనివ్వకండి, లోపల వైర్లుంటాయి.

లైటు సీలింగ్ నుంచి ఏటవాలుగా పడాలి, 3000కె (కాస్త పసుపు వెలుగు), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్న బల్బ్ అడగండి, మామూలు చవక ఎల్ఈడీ కింద ఆ ఆకుపచ్చలన్నీ ఒకేలా కనిపిస్తాయి. బొమ్మ ముందు గాజు బదులు ఆక్రిలిక్ షీట్ ఉంటే మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కొడితే మసకబారుతుంది.