మిగిలిన కూరగాయలతో కోడిగుడ్డు పొరటు

ఫ్రిజ్ అడుగు అరలో పావు క్యాబేజీ, రెండు క్యారెట్లు, గుప్పెడు బీన్స్, సగం కోసిన సొరకాయ మిగిలి ఉన్నప్పుడు వాటిలో ఏ ఒక్కటీ ఇంటిల్లిపాదికీ కూరగా సరిపోదు. అలాగని అన్నింటినీ కలిపి వండితే దానికంటూ ఒక రుచి ఏర్పడదు. ఈ రెండు ఇబ్బందులనూ కోడిగుడ్డు తీరుస్తుంది. బీరకాయలోనో సొరకాయలోనో గుడ్డు కొట్టి వండటం తెలుగు ఇళ్ళలో ఉన్నదే కనుక, ఇక్కడ తెలుసుకోవలసినది ఏ ముక్కను ఎప్పుడు వేయాలి, వాటిలోని నీటిని ఎంతవరకు ఇగరనివ్వాలి అన్నదే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో వృథా అయిన సుమారు 105 కోట్ల టన్నుల ఆహారంలో 60 శాతం ఇళ్ళలోనే వృథా అయింది. అయితే పారేయకూడదన్న పట్టుదలతో పాడైనదాన్ని వండటం తగదు. వాడిపోయిన క్యారెట్‌నూ ముడతలు పడిన కాప్సికంనూ నిస్సంకోచంగా వాడవచ్చు కానీ, జిగురు పట్టిన ఆకుకూరను, బూజు కనిపించిన టమాటాను, పుల్లటి వాసన వస్తున్న ముక్కలను తీసివేయాలి. సొరకాయను మాత్రం తప్పనిసరిగా చిన్న పచ్చిముక్క కోసి నాలుకకు తగిలించి చూడాలి, ఎందుకంటే చేదు సొరకాయ విషతుల్యమైనది, ఉడికించినా ఆ గుణం పోదు. క్యాబేజీ మొదలు, కాలీఫ్లవర్ కాడ, కొత్తిమీర కాడలు సన్నగా తరిగితే పొరటులో చక్కగా కలిసిపోతాయి.

నలుగురికి నాలుగు గుడ్లు, రెండు ఉల్లిపాయలు, తరిగిన కూరగాయ ముక్కలు రెండు కప్పులు, పచ్చిమిర్చి మూడు, నూనె రెండు పెద్ద చెంచాలు సరిపోతాయి. ముక్కలు ఇంతకంటే ఎక్కువైతే అది గుడ్డు వేసిన కూర అవుతుందే తప్ప పొరటు కాదు. వెడల్పాటి మూకుడు తీసుకోవాలి, ఎందుకంటే ఇరుకు గిన్నెలో ఆవిరి బయటికి పోక ముక్కలు వేగడానికి బదులు ఉడికిపోతాయి.

నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, కరివేపాకు వేసి, అవి చిటపటలాడాక ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేయాలి. ఉల్లి మెత్తబడిన తరువాత చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, చిటికెడు పసుపు వేసి పచ్చివాసన పోయేదాకా వేయించాలి. ఆపై గట్టి కూరగాయలైన క్యారెట్, బీన్స్, కాడల ముక్కలను ముందుగా వేసి, తగినంత ఉప్పు చల్లి, మూత పెట్టి సన్నని మంటపై ఆరేడు నిమిషాలు మగ్గనివ్వాలి. ఉప్పు వాటిలోని నీటిని బయటికి లాగుతుంది కనుక విడిగా నీళ్ళు పోయనక్కర్లేదు. తరువాత క్యాబేజీ, సొరకాయ, టమాటా, చివరగా ఆకుకూర వేయాలి. బెండకాయ ఉంటే దానిని విడిగా మూత లేకుండా జిగురు పోయేదాకా వేయించి కలపడమే మేలు.

అన్నీ మగ్గాక మూత తీసి, మంట పెంచి, మూకుడు అడుగున నీటి చెమ్మ పోయి నూనె తేలేవరకు వేయించాలి. పొరటు బాగుండటమూ చెడటమూ ఇక్కడే తేలుతుంది. నీరు మిగిలి ఉండగానే గుడ్లు కొడితే అవి ముద్దలు కట్టక పలచగా చెదిరి, కూరంతా నీచువాసన వేస్తుంది. చెంచాడు కారం, అర చెంచా ధనియాల పొడి కలిపి, ముక్కలను అంచులకు నెట్టి మధ్యలో ఖాళీ చేయాలి.

గుడ్లను ఒక్కొక్కటిగా చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి ఆ ఖాళీలో పోయాలి. పోసిన వెంటనే గరిట పెట్టకూడదు. గుడ్డు సగం గట్టిపడేదాకా ఒక నిమిషం ఆగి, అట్లకాడతో పెద్ద ముక్కలుగా తిరగేసి, అప్పుడే కూరగాయలతో కలపాలి. పచ్చిదనం పోయాక మంట ఆపేయాలి. అంతకు మించి వేయిస్తే గుడ్డు రబ్బరులా సాగుతుంది. కొత్తిమీర చల్లి అన్నంలోకో చపాతీలోకో వడ్డించవచ్చు.

పచ్చి ముక్కలకు బదులు నిన్నటి క్యాబేజీ కూరో బీన్స్ వేపుడో మిగిలి ఉంటే పని మరింత సులువు. వేగిన ఉల్లిపాయల్లో ఆ కూరను వేసి బాగా వేడిచేసి గుడ్లు కొట్టాలి; అందులో ఉప్పు కారాలు ముందే ఉంటాయి కనుక గుడ్లకు సరిపడా కొంచెమే చేర్చాలి. పులుసు మిగిలినప్పుడు మాత్రం పొరటు ఆలోచన మానుకుని, దానినే తెర్లుతుండగా గుడ్లు ఒక్కొక్కటిగా కొట్టిపోసి, కదపకుండా మూత పెట్టి, పచ్చసొన గట్టిపడేవరకు ఉడికించాలి.

పొరటు కూడా మిగిలితే రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు ఆవిర్లు వచ్చేలా ఒక్కసారే వేడిచేసుకుని తినేయాలి.