ఒక్క పద్యసంపుటి వేసి మరుగున పడిన బడిపంతులు: పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో అతని జాడ తీయడం ఎలా

ముందుగా అతని పుస్తకం ముఖపత్రం చూడండి. ‘రచయిత కోసం ముద్రితం’ అని ఉంటే అచ్చు ఖర్చు పంతులుగారే భరించారన్నమాట. ప్రతులు ఏయే గ్రంథాలయాల్లో ఉన్నాయో ఇంగ్లిష్ షార్ట్ టైటిల్ కేటలాగ్‌లో దొరుకుతుంది. 1800 వరకు అచ్చయినవి అందులో ఉంటాయి.

తర్వాత ఆ పుస్తకంలోనే ఉండే చందాదారుల జాబితా, అంటే అచ్చుకు ముందే ప్రతి కోసం పేరు రాయించుకున్నవాళ్ల పట్టీ. చాలామంది దీన్ని దాటేస్తారు గానీ అసలు సరుకంతా ఇక్కడే ఉంది. అప్పట్లో చందా సగం ముందుగా, మిగతా సగం పుస్తకం చేతికందాక కట్టడం మామూలు. పేర్లను ఊరివారీగా విడదీసి రాసుకోండి. ఒకే ఊరివాళ్లు గుంపుగా కనిపిస్తే బడి ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు. ఒకే భూస్వామి కుటుంబం నాలుగైదు ప్రతులు తీసుకుంటే, ఆ ఇంటి ఉత్తరాల కట్టల కోసం కౌంటీ (జిల్లా) రికార్డ్ ఆఫీసులో అడగండి.

బడి నడపాలంటే బిషప్ లైసెన్స్ ఉండాలని 1604 నాటి చర్చి నియమం. లైసెన్స్ తీసుకునేవాడు ఇంగ్లండ్ చర్చి ముప్ఫైతొమ్మిది మతసూత్రాలకు ఒప్పుకుంటూ సంతకం పెట్టేవాడు. ఆ సంతకం దొరికితే ఫొటో తీసి పెట్టుకోండి. దొరకలేదని అతను పంతులే కాదనుకోకండి, లైసెన్స్ లేకుండా చెప్పినవాళ్లూ ఉన్నారు.

ఇక ఒకే పేరున్న ఇద్దరిని కలిపేయడం అందరూ పడే గొయ్యి. 1754 మార్చి 25 నుంచి పెళ్లి రిజిస్టర్‌లో వధూవరులూ ఇద్దరు సాక్షులూ సంతకం (రాయలేనివాళ్లు గుర్తు) పెట్టాలి. లైసెన్స్ నాటి సంతకం పక్కన దీన్ని పెట్టి, పెద్దక్షరాల మలుపు, చివరి గీత పోల్చండి. చర్చి రిజిస్టర్ చూసి రాసి బిషప్‌కు పంపిన నకళ్లు ఇందుకు పనికిరావు, అవి వేరొకరి చేతిరాత. వీలునామా విషయంలోనూ అంతే: లండన్‌లోని క్యూ (Kew) ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాబ్ 11 (PROB, వీలునామాల దస్త్రాల వరుసకు పెట్టిన గుర్తు) నకళ్ల వరుస, అసలు పత్రాలు ప్రాబ్ 10లో ఉంటాయి. పేరు పక్కన ‘క్లర్క్’ అని ఉంటే గుమాస్తా అనుకోకండి, చాలాచోట్ల దానర్థం మతాచార్యుడు.

తేదీలు మరీ తికమక పెడతాయి. 1751 దాకా ఏడాది మార్చి 25న మొదలయ్యేది. పెళ్లి 1738 మే, బిడ్డ బాప్తిస్మం 1738 ఫిబ్రవరి అని ఉంటే కంగారు పడక్కర్లేదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1739. నోట్సులో 1738/9 అని రాసుకోండి.

పత్రికల్లో పద్యాలతోపాటు ప్రకటనలూ చూడండి. నిఘంటుకర్త సామ్యూల్ జాన్సన్ లిచ్‌ఫీల్డ్ పట్టణం దగ్గర ఎడియల్‌లో పెట్టిన బడి ప్రకటన 1736లో జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అనే మాసపత్రికలోనే వచ్చింది: పిల్లలకు బస, లాటిన్, గ్రీకు చదువు. ఇలాంటి ఒక్క ప్రకటన చాలు, ఊరూ ఏడాదీ తేలిపోతాయి. పద్యాల కింద మాత్రం తరచూ మారుపేరో పొడి అక్షరాలో ఉంటాయి. మరో ఆధారం దొరికేదాకా వాటిని మీ కవి ఖాతాలో వేయకండి. పద్యంలో పేదరికం గురించి వాపోయాడని అతను పేదవాడని కూడా రాయకండి, ఆ సంగతి వీలునామాలో పంచిన ఆస్తి చూసి తేల్చాలి.