కాలేజీ ఉపగ్రహానికి ఫ్రీక్వెన్సీ నమోదు చేయించుకోవడం ఎలా?

2018 జనవరి 12న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సి40లో స్వార్మ్ అనే అమెరికన్ కంపెనీ ఉపగ్రహాలు నాలుగు ఉన్నాయి. ఒక్కోటి 10 సెంటీమీటర్ల చదరం, మూడు సెంటీమీటర్ల మందం కూడా లేదు. ఇంత చిన్నవాటిని కనిపెట్టుకుని ఉండటం కష్టమని అక్కడి రేడియో అనుమతులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ అంతకు ముందు నెలలోనే అనుమతి కాదంది. అయినా పంపేశారు. ఏడాది తిరక్కుండానే 9 లక్షల డాలర్ల జరిమానా కట్టారు.

మీ కాలేజీలో క్యూబ్‌శాట్, అంటే చిన్న డబ్బాలాంటి ఉపగ్రహం, కడుతుంటే సోల్డరింగ్ కన్నా ముందే ఈ కాగితాలు మొదలుపెట్టండి.

మొదట బ్యాండ్ తేల్చుకోవాలి. విద్యార్థులు ఎక్కువగా వెళ్లేది హ్యామ్‌ల, అంటే సరదాకి రేడియో నడిపే లైసెన్సుదారుల, బ్యాండ్లకే: 145.8 నుంచి 146, 435 నుంచి 438 మెగాహెర్ట్జ్. రేడియోలు చవక, పైగా మీ సిగ్నల్ వినిపెట్టే హ్యామ్‌లు ప్రపంచమంతా ఉంటారు. కానీ ఇక్కడ డబ్బు మాట రాకూడదు. స్పాన్సర్ మీ సెన్సర్ డేటా అమ్ముకుందామనుకుంటుంటే వేరే బ్యాండ్ చూసుకోండి.

తర్వాత ఐఏఆర్‌యూకి, అంటే హ్యామ్‌ల అంతర్జాతీయ సంఘానికి, ఫ్రీక్వెన్సీ సమన్వయం కోసం రాయాలి. వేరే ఉపగ్రహంతో ఢీకొట్టని ఫ్రీక్వెన్సీ వాళ్లు చూసి చెబుతారు. అది లైసెన్సు కాదు; చాలామంది పొరబడేది ఇక్కడే.

అసలు నమోదు జరిగేది జెనీవాలోని ఐటీయూలో, అంటే ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థలో. అయితే మీరు నేరుగా రాస్తే వాళ్లు తీసుకోరు, ప్రభుత్వాలతోనే మాట్లాడతారు. మన దేశం తరఫున ఆ పని ఢిల్లీలో టెలికాం శాఖకు చెందిన డబ్ల్యూపీసీ విభాగానిది. ఉపగ్రహానికి ఇన్‌-స్పేస్, అంటే ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ, అనుమతి విడిగా కావాలి. రెంటిలోనూ ఒకే వివరాలుండాలి.

డబ్ల్యూపీసీ ద్వారా ఐటీయూకి వెళ్లే నోటీసు నింపేటప్పుడు తొందరపడకండి. కక్ష్య ఎత్తు, వంపు, ట్రాన్స్‌మిటర్ పవర్, యాంటెన్నా గెయిన్, గ్రౌండ్ స్టేషన్ అక్షాంశ రేఖాంశాలు అన్నీ అడుగుతారు. సిగ్నల్ రకాన్ని 16కె0ఎఫ్1డి లాంటి కోడ్‌లో రాయాలి. 16కె0 అంటే 16.0 కిలోహెర్ట్జ్ వెడల్పు, చుక్క ఉండాల్సిన చోట కె వచ్చిందన్నమాట. ఎఫ్ అంటే ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్, 1 అంటే ఒకే డిజిటల్ చానల్, డి అంటే డేటా. ఏ రాకెట్ దొరుకుతుందో తెలియకుండా కక్ష్య ఎలా రాస్తామంటారా? అనుకుంటున్నది రాయండి, మారితే డబ్ల్యూపీసీ ద్వారా సవరణ పంపండి.

ఈ నోటీసులోని వివరాలు ముందస్తు సమాచారంగా జెనీవాకి చేరాక, రెండు వారాలకోసారి వచ్చే ఐటీయూ సర్క్యులర్‌లో అచ్చవుతుంది. ఇతర దేశాలు అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల గడువు. ఎవరైనా రాస్తే జవాబు కూడా ఢిల్లీ మీదుగానే. ఆ తర్వాత నోటిఫికేషన్, అంటే తుది నమోదుకు పంపే దరఖాస్తు, అది నెగ్గితే ఐటీయూ మాస్టర్ రిజిస్టర్‌లో మీ ఫ్రీక్వెన్సీ ఎక్కుతుంది. ముందస్తు సమాచారం ప్రయోగానికి రెండేళ్ల ముందే పంపితే మేలని నిబంధనలే అంటాయి. అందిన రోజు నుంచి ఏడేళ్లలో వాడకంలోకి తేకపోతే ఫైలు చెల్లదు. హ్యామ్ ఉపగ్రహాలకు ఐటీయూ రుసుము లేదు.

ఐక్యరాజ్యసమితి దగ్గర ఉపగ్రహాన్ని నమోదు చేయడం వేరే సంగతి. దానికీ ఫ్రీక్వెన్సీకీ సంబంధం లేదు.

ఇంకొకటి. నేల నుంచి కమాండ్ వెళ్లగానే ట్రాన్స్‌మిటర్ ఆగిపోవాలి, ఇది రేడియో నిబంధన. ఫైనలియర్ వాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోయాక ఆ కమాండ్ ఎవరి చేతిలో ఉంటుందో ఇప్పుడే పేరు రాసి పెట్టుకోండి.