అమ్మానాన్నల ఫోన్‌లో వాట్సాప్, ఫేస్‌బుక్‌లకు గడియ ఎలా పెట్టాలి?

పండక్కి గుంటూరో బెజవాడో వచ్చినప్పుడు, భోజనాలయ్యాక పెద్దవాళ్ల ఫోన్ కోసం ఓ అరగంట కేటాయించండి. ఫోన్ లాక్కుని మీరే అన్నీ మార్చేయొద్దు. పక్కన కూర్చుని వాళ్ల వేలితోనే నొక్కించండి. మీరు బస్సెక్కాక దాన్ని చూసుకోవాల్సింది వాళ్లే.

ముందు ఫేస్‌బుక్ ఎలా నడుస్తుందో చూపించండి. నోటితో చెబితే నమ్మరు. నాన్నకు మిర్చి యార్డు ధరల మీద ఆసక్తి ఉందనుకుందాం. తేజ రకం ధర మీద రెండు మూడు వీడియోలు చివరిదాకా చూడనివ్వండి. ఆ తర్వాత చూస్తే ఎటు జరిపినా మిర్చే! లైక్ కొట్టకపోయినా, దేని దగ్గర ఎంతసేపు ఆగామన్నది అది గమనిస్తూనే ఉంటుంది. మనం ఎంతసేపు ఉంటే అన్ని ప్రకటనలు చూపొచ్చు, కంపెనీకి డబ్బొచ్చేది అక్కడే. అందుకే ‘ధర నిలకడగా ఉంది’ అనే వీడియో కంటే ‘రేపు కుప్పకూలుతుంది’ అని అరిచేదే ఎక్కువగా ముందుకొస్తుంది. అక్కర్లేనిది కనిపిస్తే మూడు చుక్కలు నొక్కి ‘నాట్ ఇంట్రెస్టెడ్’ పెట్టడం అలవాటు చేయండి.

వాట్సాప్‌లో ఇలా కంగారుపెట్టేవాటిని ముందుకు తోసే పని బాబాయిలూ మావయ్యలూ చేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ మునిగింది. అలాంటి రోజుల్లో ‘మళ్లీ గండి పడింది’ అని మెసేజ్ వస్తే ఇంటిల్లిపాదీ పరుగులే. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుందేమో చూడమనండి. ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని వాట్సాప్ కూడా ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది.

ఇక గడియల సంగతి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ-స్టెప్ వెరిఫికేషన్. 6 అంకెల పిన్ పెట్టించండి, పుట్టినతేదీ మాత్రం వద్దు. ‘పిన్నీ, నా కోడ్ పొరపాటున నీకొచ్చింది, చెప్పవా’ అని తెలిసినవాళ్ల నంబరు నుంచే మెసేజ్ రావచ్చు. ఆ నంబరు అప్పటికే దొంగ చేతికి చిక్కి ఉంటుంది. వచ్చిన కోడ్ చెబితే అమ్మ వాట్సాప్ కూడా వాడి ఫోన్‌లో తెరుచుకుంటుంది. పిన్ ఉంటే అక్కడ ఆగిపోతాడు. ‘లింక్డ్ డివైజెస్’ కూడా తెరిచి, మనది కాని కంప్యూటరేదైనా ఉంటే లాగౌట్ చేయండి. ప్రైవసీలో గ్రూపుల దగ్గర ‘మై కాంటాక్ట్స్’ పెడితే, ఎవడో షేర్ల టిప్స్ గ్రూపులో నేరుగా చేర్చలేడు.

శుభలేఖ పేరుతోనో, బండి చలానా పేరుతోనో వచ్చే ఫైల్ చివర ‘ఏపీకే’ అని ఉంటే అది యాప్ అని అర్థం, ముట్టుకోకూడదు. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ, యాప్‌గా ఎందుకొస్తుంది? ఫోన్ సెట్టింగ్స్‌లో వాట్సాప్‌కు ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అనుమతి ఆపేయండి.

ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్ లిస్టును ‘ఓన్లీ మీ’కి మార్చి, ప్రొఫైల్ లాక్ చేయండి. నాన్న ఫొటోతో కొత్త ఖాతా తెరిచి ‘ఆసుపత్రిలో ఉన్నా, అర్జెంటుగా పంపు’ అని అడిగేవాడికి కావాల్సినవి ఆ ఫొటో, ఆ స్నేహితుల జాబితా, అంతే. అలా ఎవరి పేరుతో అడిగినా మామూలు ఫోన్‌లో వాళ్ల గొంతు విన్నాకే డబ్బు.

వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం వేసుకుని ‘మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం’ అంటే పెట్టేయమనండి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. వాట్సాప్ ప్రైవసీలో కాల్స్ కింద ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఉంది, అదీ ఆన్ చేయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పి వెళ్లండి: డబ్బు పోతే మన దగ్గర దాచొద్దని. పిల్లలు తిడతారని రెండు రోజులు మింగుకుని కూర్చునే పెద్దవాళ్లుంటారు, ఈలోగా డబ్బు నాలుగైదు ఖాతాలు దాటిపోతుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. సిగ్గుపడి చాట్ చెరిపేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాలి. డబ్బు వెళ్లిన తేదీ, సమయం, లావాదేవీ నంబరు ముందే ఓ కాగితం మీద రాసిపెట్టుకుంటే ఫిర్యాదు త్వరగా నమోదవుతుంది.